పెద్దాయన ఆగిన చోట

కారు మళ్ళీ ఆగింది. ముందు వరసగా ఎర్ర దీపాలు, వాటికి ముందు పోలీసులు అడ్డంగా పెట్టిన ఇనుప కంచెలు, ఆ కంచెలకు అవతల ఎక్కడో కోర్టు. నడిచిపోతే ఇంతసేపు పట్టదు. కానీ ఈ జనంలో పెద్దాయనను నడిపించుకుని వెళ్ళడం అయ్యే పని కాదు, అదీగాక కారు ఎంతసేపు ఆగితే అంత మేలనిపిస్తోంది ఆమెకు, ఆగినంతసేపు ఏదీ మొదలుకాదు కనక. ఒళ్ళో ఫైలు, ఫైలు మీద మడతపెట్టిన నల్ల గౌను, గౌను మీద తన రెండు చేతులు. వేరే ఎవరివో తెచ్చి తన ఒళ్ళో పెట్టినట్టు చల్లగా ఉన్నాయి ఆ చేతులు. పక్కన పెద్దాయన సీటుకు తల ఆనించి కళ్ళు మూసుకున్నారు. నిద్రో ఆలోచనో తెలియదు. ఊళ్ళో ఎవరిని ఆపి అడిగినా ఆలోచనే అంటారు. రేడియోలోనూ అదే అంటున్నారు. నిన్న కీలకమైన సాక్షిని డిఫెన్సు లాయరుగారు ఒక్క ప్రశ్నైనా అడక్కుండా ఎందుకు వదిలేశారో మీకు తోచింది ఫోను చేసి చెప్పండి అని ఆ అమ్మాయి తీయగా అడుగుతోంది, జనం పని మానుకుని మరీ చెబుతున్నారు. ఒకాయన బడిలో పాఠాలు చెప్పి రిటైరైనవాడట, మౌనమే పెద్ద ప్రశ్న అన్నాడు. ఒకావిడ, సాక్షి లోపాయికారీగా వాళ్ళ మనిషేనండి, మీరే చూస్తారుగా అంది. ఇంకొకడు, ముద్దాయి ఆయాకి పిచ్చి అని నిరూపిస్తారు, దానికి డాక్టరు కూడా సిద్ధంగా ఉన్నాడు, మా బావమరిదికి తెలుసు అన్నాడు. వీళ్ళందరికీ తెలుసు. ఎవరికో ఒకరికి బావమరిది ఉన్నాడు.

"అందరూ తెలివైనవాళ్ళేనమ్మా," అన్నాడు డ్రైవరు, అద్దంలో ఆమెను చూస్తూ. "నేను రోజూ సారుని తిప్పేవాణ్ణి. నాకు తెలియంది వీళ్ళకి తెలుస్తుందా?"

"నీకేం తెలుసన్నా?"

"నేను చెప్పను. చెబితే ప్లాను పాడవుతుంది."

అని గొప్పగా స్టీరింగ్ మీద వేళ్ళు వాయించాడు. వాడి మెడ మీద చెమట మెరుస్తోంది, పాపం, ఇరవై ఏళ్ళుగా ఈ కారే వాడి కొలువు, పెద్దాయన గెలిచిన ప్రతి కేసూ తానే సగం గెలిచినట్టు చెప్పుకుంటాడు, తప్పేముంది, ఆమె మాత్రం చెప్పుకోలేదా, ఇంట్లో, పెళ్ళిళ్ళలో, హాస్టల్లో పాత స్నేహితురాళ్ళకి, నేను ఆయన జూనియర్ని అని. ఇప్పుడా మాట తలుచుకుంటే లిఫ్టు తాడు వదిలేసినట్టుంది. లిఫ్టు. మళ్ళీ లిఫ్టే. దేన్ని తలుచుకున్నా ఆ తలుపు దగ్గరికే వచ్చి ఆగుతోంది మనసు.

మంచాన పడ్డ ముసలాయన ముఖం మీద దిండు అదిమి చంపిందని ఆయా మీద కేసు. ఏళ్ళ తరబడి ఆయనకు ఒళ్ళు తుడిచి, అన్నం తినిపించి, పక్క మార్చిన మనిషి. పక్కింటావిడ బోనెక్కి, ఆ రోజు మధ్యాహ్నం ఆయా లిఫ్టులోంచి బయటికి వచ్చి ఫ్లాటు తాళం తీయడం నా కళ్ళతో చూశాను అని చెప్పింది. ఆయా మాత్రం తాను సాయంత్రం గాని రాలేదంటుంది. మధ్యాహ్నం, సాయంత్రం, ఈ రెంటి మధ్యే ఉంది ఆ మనిషి మిగతా బతుకంతా. ఆ వారమంతా లిఫ్టు పాడై, పొట్ట విప్పి పడేసి ఉందని, రెండో అంతస్తులో అడ్డంగా చెక్క కొట్టి ఉందని కనుక్కున్నది ఆమే, ఈ కారులో కూర్చున్న ఈమే. లిఫ్టు మెకానిక్ చుట్టూ తిరిగి తిరిగితే, వాడు మొదట కసిరి, తర్వాత విసుక్కుని, చివరికి జాలిపడి చెప్పిన సంగతి అది. పక్కింటావిడను ఒకే ఒక్క మాట అడిగితే చాలు: అమ్మా, ఏ లిఫ్టులోంచి? అంతే. ఆ ప్రశ్న కోసం రెండు నెలలు పనిచేసింది. స్నానం చేస్తూ పలికి చూసుకుంది. ఆ ప్రశ్న అడగకుండా ఆవిడ బోను దిగి, పర్సు సర్దుకుని, ఇంటికి వెళ్ళిపోయింది. ఇప్పుడు మెకానిక్‌ను తీసుకొచ్చి నిలబెట్టినా, ఆవిడను అడగవలసింది ఆవిడ ఎదుట ఎందుకు అడగలేదయ్యా అంటారు, అన్నాక ఆ మెకానిక్ మాట గాలికి పోతుంది. దానితో ఆయా కూడా.

నిన్న. పెద్దాయన లేచారు. గౌను భుజాన సర్దుకున్నారు. సాక్షి వంక చూశారు. ఆగారు. ఆయన ఆగడం ఇవాళ్టిది కాదు, నలభై ఏళ్ళుగా కోర్టులో పేరు మోసిన ఆగడం, జడ్జీలు కూడా కలం కింద పెట్టి కూర్చునే ఆగడం. ఆ ఖాళీలో అబద్ధం చెప్పిన సాక్షికి తన అబద్ధం తనకే వినిపించడం మొదలవుతుందని ఆయన అంటుండేవారు, నిజంగానే అలా తడబడి నోరు జారినవాళ్ళను ఆమె చూసింది. వాళ్ళ ఆఫీసులో అది ఒక కట్టుబాటు. ఆయన నిలబడి ఉండగా జూనియర్లు నిలబడకూడదు. ఆయన ఆగితే కదలకూడదు, కాగితం తిప్పిన చప్పుడు కూడా రాకూడదు. కొత్తగా చేరిన కుర్రలాయర్లకు ఈమే చెప్పేది, సార్ ఆగినప్పుడు ఊపిరి కూడా మెల్లిగా తీసుకోండి అని. అలా ఊపిరి మెల్లిగా తీసుకుంటూనే కూర్చుంది నిన్న కూడా. అప్పుడాయన ఆమె వైపు వంగారు. చెవి దగ్గరికి వచ్చారు. ఆయన వాడే సబ్బు వాసన, దాని కింద ముసలితనపు వాసన. చాలా మర్యాదగా, దారి అడిగే కొత్త మనిషిలా అడిగారు.

"మనం ఎవరి తరఫునమ్మా?"

ఆయా తరఫున సార్ అంది ఆమె, అనే వరకు నోరు తన మాట విన్నది, ఆ తర్వాతే వినడం మానేసింది. ఆయన తలూపారు. నిటారుగా నిలబడ్డారు. ప్రశ్నలేమీ లేవు అని జడ్జిగారికి చెప్పి కూర్చున్నారు. హాలంతా కలకలం రేగింది, ఎవరో ఈల కూడా వేయబోయి ఆపుకున్నారు, పబ్లిక్ ప్రాసిక్యూటరు ముఖం పాలిపోయింది, ఇందులో ఏదో ఉందని ఆయనకూ భయం వేసింది. ఆమె లేచి ఉండాల్సింది. అప్పుడే లేచి, ఒక్క నిమిషం అని ఉండాల్సింది. లేవలేదు. ఎందుకు లేవలేదంటే, ఆ క్షణంలో ఆమె కూడా అందరిలాగే, సార్ నన్ను పరీక్షిస్తున్నారేమో అనుకుంది. ఆ అడగడంలో కూడా ఏదో ఎత్తు ఉంటుందనుకుంది. అనుకున్నంతసేపట్లో అంతా అయిపోయింది.

రాత్రి టీవీల నిండా ఆ గుసగుసే. కోర్టు ప్రసారంలోని ఆ ముక్కనే తీసి, ఆయన పెదవుల చుట్టూ ఎర్ర సున్నా చుట్టి, మెల్లగా తిప్పి, మళ్ళీ తిప్పి చూపించారు. పెదవులు చదివే మనిషిని ఎక్కడి నుంచో పట్టుకొచ్చారు, 'వల బిగించు' అన్నారని అతను తేల్చాడు. ఇంకో చానెల్లో 'వాడు వస్తాడు' అన్నారట, ఆ వాడెవడన్నది సస్పెన్సు. ఆ బొమ్మలో పక్కన తన ముఖం కూడా ఉంది. నోరు కొద్దిగా తెరిచి, కళ్ళు పెద్దవి చేసుకుని. ఎంత ఏకాగ్రతో చూడండి ఆ అమ్మాయిది అన్నాడు యాంకరు.

ఫోను ఒళ్ళో కొట్టుకుంది. అమ్మ.

"తిన్నావా?"

"తిన్నానమ్మా."

"అబద్ధాలు. గొంతు చూడు ఎలా ఉందో. సరేగానీ, నిన్న మీ సారు చెవిలో ఏమన్నారే? ఎవరికీ చెప్పనులే."

"అమ్మా, అవి బయటికి చెప్పకూడదు."

"నేను బయటా? ఇదిగో మీ నాన్న పక్కనే ఉన్నాడు, నిచ్చెన ఎక్కకుండా వినాలని కాచుక్కూర్చున్నాడు. వీధిలో మాకు తల కొట్టేసినట్టుంది, కూతురు అక్కడే కూర్చుని కూడా మాకేం తెలియకపోతే ఎలాగే లాయరమ్మా?"

చెబుతానులే అని పెట్టేసింది. లాయరమ్మ. చిన్నప్పుడు ప్రతిదానికీ ఎదురు మాట్లాడుతుందని పెట్టిన పేరు అది, తిట్టుగా మొదలై ముద్దుగా మారింది, ఇంట్లో డిగ్రీ అన్న మాట పలికిన మొదటి మనిషి తనే, ఆ పైన లా. నాన్న గోడలకు రంగులు వేస్తాడు. పెద్దాయన ఆఫీసు గోడలకు రంగు వేస్తూ నిచ్చెన మీదినుంచే, మా అమ్మాయి లా చదివింది సార్, ఎవరూ చేర్చుకోవట్లేదు అన్నాడట. కిందికి దిగొచ్చి చెప్పవయ్యా, మెడ నొప్పెడుతోంది అన్నారట ఈయన. దిగొచ్చాక కుర్చీ వేసి కూర్చోబెట్టారట, రంగు మరకలతోనే, కుర్చీకి అంటుతుందని నాన్న సగమే కూర్చున్నాడట. ఆ మాట ఎన్నిసార్లు చెబుతాడో నాన్న, సగమే కూర్చున్నానే అని. అలాంటి మనిషిని ఇవాళ తాను ఊరంతటి ఎదుట, పేపర్ల ఎదుట, ఆయన చేతికింద పెరిగి ఇప్పుడు జడ్జీలైనవాళ్ళ ఎదుట, మతి తప్పింది అని చెప్పాలా? చెప్పే నోరు పడిపోదా? చెప్పకపోతే ఆయా జైల్లో ముసలిదై అక్కడే పోతుంది.

ఎనిమిది నెలలుగా తనకు తెలియదా? ఇదే అన్నిటికంటే భయంగా ఉంది. మొదట్లో ఆయన తనను మునుపటి జూనియరు పేరుతో పిలిచారు, వయసు అనుకుంది. ఒకే కథ ఒకే పూట రెండుసార్లు చెప్పారు, ఇష్టమైన కథ కాబోలు అనుకుంది. వాదన మధ్యలో ఆగినప్పుడు చిన్న చీటీ మీద తర్వాతి మాట రాసి ముందుకు జరపడం అలవాటు చేసుకుంది, ఆయన దాన్ని అందుకుని ఎప్పటిలాగే వెలిగిపోయేవారు, తన మాట ఆయన నోట పడ్డాక ఎంత బాగుండేదో. ఆయన మతిమరుపుకు తాను ఆసరా అవుతూ, దాన్ని ప్రమోషన్ అనుకుంది. నిన్న చీటీ ఎందుకు జరపలేదు? పెద్ద సాక్షి గదా, ఈ ప్రశ్న ఆయన మరిచిపోయేది కాదు గదా అని. ఆయన ఆగడం అందమైనదని నమ్మినందుకు. రోగం వచ్చి ఆయన పాత అలవాటునే చొక్కాలా తొడుక్కుంటే గుర్తుపట్టలేనందుకు.

"ఒకటి చెప్పనా అమ్మా," అన్నాడు డ్రైవరు, గొంతు తగ్గించి. "సారుకి నవ్వించడం కూడా వచ్చు. నిన్న పొద్దున ఎక్కగానే, అమ్మగారు రాలేదేంట్రా, ఆగు అన్నారు. అమ్మగారు పోయి ఎన్నేళ్ళయింది. నేను పడీపడీ నవ్వాను."

"ఆయన నవ్వారా?"

డ్రైవరు ఆలోచించాడు. "లేదమ్మా. జోకు వేసినవాళ్ళు నవ్వరు కదా."

కారు ఓ గజం కదిలి మళ్ళీ ఆగింది. ఎవరో కుర్రాడు కిటికీ దగ్గరికి వంగి, అద్దానికి ముక్కు ఆనించి లోపలికి చూశాడు, చూసి, వీళ్ళేరా అని అరిచాడు. చేతులు వచ్చాయి. అద్దం మీద అరచేతులు, తెల్లగా అతుక్కుని. కొందరు జై కొడుతున్నారు, కొందరు ఆ ఆయాని వదిలిస్తే మిమ్మల్ని వదలం అంటున్నారు, ఏ చెయ్యి ఎవరిదో తెలియడం లేదు. ఆమె తలుపు తాళం వేసే ఉందో లేదో చూసుకుంది. వేసే ఉంది. మళ్ళీ చూసుకుంది.

పక్కింటావిడను మళ్ళీ బోనుకు పిలవమని అర్జీ ఫైల్లోనే ఉంది, తెల్లారకముందే రాసింది, కారణం ఒక్కటే రాయలేదు. పొరపాటున అని రాయొచ్చు. ప్రాసిక్యూటరు లేచి ఇవాళ్టి పేపరు చదువుతాడు, పొరపాటా, దేశమంతా దీన్ని మహా ఎత్తుగడ అంటుంటేనూ, ఎత్తు పారలేదని ఇప్పుడు పొరపాటంటున్నారు అంటాడు. జడ్జిగారు నవ్వుతారు. జనం అల్లిన కథ అంత గట్టిది, దాన్ని పగలగొట్టాలంటే నిజం తప్ప ఇంకేదీ పనికిరాదు, ఆ నిజం ఇదిగో పక్కన తల వాల్చి, నోరు కొద్దిగా తెరుచుకుని ఉంది. నిన్న సాయంత్రం జైలు గదిలో కటకటాల అవతల ఆయా ఎంత నిబ్బరంగా ఉందో. కేసు మొదలైనప్పటి నుంచి ఆ ముఖం మీద మొదటిసారి రంగు వచ్చింది. లోపల అందరూ అంటున్నారమ్మా, పెద్దసారు నోరు మెదపలేదంటే నాకింక భయం లేదట, ఈ రాత్రికి నిద్ర పడుతుందమ్మా అంది. తల ఊపి వచ్చేసింది ఈమె. అవును కాదు అనకుండా ఊపింది. ఆ ఊపు మెడలో ఇంకా అలాగే ఉంది.

పెద్దాయన కళ్ళు తెరిచారు.

"మీ నాన్న మోకాలు ఎలా ఉంది?" అన్నారు.

అంత మామూలుగా, అంత స్పష్టంగా. ఆమెకు గుండె ఒక్కసారి పైకి లేచింది. ఏమీ లేదేమో. అంతా తన భ్రమేమో. నిన్నటిది అలసటేమో, అందరూ అనేదే నిజమేమో.

"తగ్గింది సార్. మీరు చెప్పిన డాక్టరు మంచివాడే." ఆగి, ఫైలు అంచు పట్టుకుని, "సార్, నిన్న ఆవిణ్ణి లిఫ్టు గురించి అడగలేదు మనం," అంది.

ఆయన ఆమెను చూశారు. ఆగారు. ఈ ఆగడాన్ని ఇంత దగ్గరగా ఆమె ఎన్నడూ చూడలేదు. ఎప్పుడూ పక్కనుంచే, కింద కూర్చుని చూసింది. ఎదురుగా చూస్తే, ఆ కళ్ళ వెనక ఒక మనిషి చీకటి గదిలో గోడలు తడుముకుంటూ తిరుగుతున్నాడు. స్విచ్చు దొరకడం లేదు. దొరకడం లేదని ఎవరికీ తెలియకూడదని ముఖం మాత్రం నిబ్బరంగా పెట్టుకున్నాడు, నలభై ఏళ్ళ అలవాటు. తర్వాత ఆయన చూపు కిటికీ వైపు, అద్దానికి అతుక్కున్న అరచేతుల వైపు వెళ్ళింది. చెయ్యి వచ్చి ఆమె మణికట్టును పట్టుకుంది.

"ఇంతమంది ఎందుకొచ్చారు?"

"మీ కోసమే సార్."

"నేనేం చేశాను?" అన్నారు పెద్దాయన.

ఆయనకు భయం వేస్తోంది. తనకు వేసినట్టే. కారులో ఇద్దరు భయపడేవాళ్ళున్నారు, ముందు సీట్లో ఒకడు ఏమీ తెలియక స్టీరింగ్ మీద పాట వాయిస్తున్నాడు. ఏమీ చేయలేదు సార్, అంది ఆమె, మీరేం చేయలేదు. ఆ చెయ్యి వదలలేదు. ఆయన వేళ్ళ కింద తన నాడి కొట్టుకోవడం తనకే తెలుస్తోంది, పారిపో, పారిపో అన్నట్టుగా, కానీ కారు కదిలింది, కంచె జరిపారు, గేటు వచ్చింది, మైకులు వచ్చాయి. సార్ ఇవాళ ఏం చేయబోతున్నారు, సార్ ఒక్క మాట. పెద్దాయన మెట్ల మీద నిలబడి వాళ్ళందరినీ చూసి చిరునవ్వు నవ్వారు, ఏమీ అనలేదు, ఫోటోలు మెరిశాయి. చూశావా, చూశావా ఆ నవ్వు అన్నారు ఎవరో. ఆమె ఆయన మోచెయ్యి పట్టుకుని నడిపించింది. వరండా, నీళ్ళ పీపా, బల్లల వాసన, పాత కాగితాల వాసన, కాళ్ళు ఎవరివో నడుస్తున్నాయి. ఆపమని ఎవరైనా అంటే బాగుండు. ఎవరూ అనలేదు, అందరూ దారి ఇచ్చారు.

హాలు కిక్కిరిసి ఉంది. ఆయా బోనులో నిలబడి, ఈమె కనబడగానే కొద్దిగా నవ్వింది, రాత్రి నిద్రపోయిన మనిషి నవ్వు. జడ్జిగారు వచ్చారు, కూర్చున్నారు, కాగితాలు చూసి తలెత్తారు. డిఫెన్సు వారు ఏమంటారు అన్నారు. పెద్దాయన కుర్చీ చేతుల మీద బరువు వేసి లేవబోయారు. ఆమె ఆయన భుజం మీద చెయ్యి పెట్టింది. అంత పెద్దమనిషి భుజం, ఎముక తగిలింది. ఆయన లేవడం ఆపారు. ఆమె లేచింది.

వెనక గుసగుసలు లేచాయి. జూనియర్ని లేపాడ్రా, ఇదీ ప్లానే, అదిగో అనుకున్నట్టే. ఆమె బల్ల అంచు పట్టుకుంది. పక్కింటావిడను మళ్ళీ పిలవడానికి అనుమతి కావాలని చెప్పింది. ప్రాసిక్యూటరు అప్పటికే సగం లేచి ఉన్నాడు, చేతిలో పేపరు. జడ్జిగారు ఆయన్ని చేత్తో ఆపి, ఆమె వంక చూశారు. ఇన్నాళ్ళలో ఆయన ఆమెను చూడడం ఇదే మొదలు.

"మీ సీనియర్‌గారు నిన్న తెలిసే వదులుకున్నారు. ఇది ఆయన అనుమతితోనే అడుగుతున్నారా?"

అందరూ పెద్దాయన వైపు తిరిగారు. ఆయన జడ్జిగారి వంక చూస్తూ ఆగారు. హాలంతా ఊపిరి మెల్లిగా తీసుకుంటోంది. ఎవరూ కదలడం లేదు, ఎవరూ కాగితం తిప్పడం లేదు, ఆ మౌనం ఎంత అందంగా ఉందంటే ఆమె కూడా ఇంకొక్క క్షణం అందులోనే కూర్చుండిపోగలిగేది. ఇంకొక్క క్షణం ఆగితే ఆయన ఏదో ఒకటి అంటారు, ఏదన్నా అదే రాసుకుంటారు. బోను కమ్మీ పట్టుకున్న వేళ్ళు కనిపించాయి. ఒళ్ళు తుడిచీ, అన్నం తినిపించీ అరిగిన వేళ్ళు.

"లేదండి," అంది. "అనుమతి ఇచ్చే స్థితిలో ఆయన లేరు. నిన్న కూడా లేరు. అది నాకు తెలుసు."

మాట పెదవులు దాటి బల్ల దాకా వెళ్ళి అక్కడే పడిపోయింది. ఏమన్నారు, అని జడ్జిగారు ముందుకు వంగారు. మళ్ళీ చెప్పాలి. ఒకసారి చెప్పిందే ప్రాణం తోడేసింది, అదే మాట మళ్ళీ చెప్పాలి.

పక్కనుంచి పెద్దాయన ఆమె గౌను కొస పట్టి మెల్లిగా లాగారు. ఆమె తల తిప్పింది. ఆయన ముఖంలో కోపం లేదు. తెలిసినట్టూ లేదు, తెలియనట్టూ లేదు.

"గట్టిగా చెప్పమ్మా," అన్నారు. "అంత దూరం వినబడదు."

ఆమె జడ్జిగారి వైపు తిరిగి, గట్టిగా చెప్పింది.